కుడివైపు జేబు

దర్జీ టేపు మెడలో వేసుకుని నా వంక ఎగాదిగా చూశాడు.

"జేబు కుడివైపా, తాతగారూ?"

"కుడివైపే."

"ఎడమ చేతివాటమా?"

"కాదు."

ఇంకేదో అడగబోయి ఆగాడు. నేనూ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే అతను దుకాణం కట్టేసే వేళవుతుంది. రెండు చొక్కాలు, నూలు గుడ్డ, ఎడమవైపు జేబు వద్దు, ఎడమ చంక కింద కుట్టు లోపలికి కాకుండా బయటికి తిరగాలి. ఆ చివరి మాట విని, కొలతలు రాసుకుంటున్నవాడు పెన్సిలు ఆపి మళ్ళీ నా ముఖం చూశాడు. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడని అనను గానీ, ఆ దరిదాపుల్లోనే.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 41 ఏళ్ళు గుమస్తాగా చేశాను. మా ఉద్యోగాలకు రిటైర్మెంటు తేదీ అంటూ ఉండదు. చూపు ఆనినన్నాళ్ళు, లెక్క తప్పనన్నాళ్ళు చేస్తాం. 65 దాటాక పూర్తి పని మానేసినా, సీజన్‌లో ఒక పూట వెళ్ళి చిట్టా రాసి వచ్చేవాణ్ణి. ఇన్నేళ్ళూ నా సరంజామా అంతా ఎడమ జేబులోనే ఉండేది. ఎర్ర పెన్ను, నీలం పెన్ను, కాటా చీటీలు, చిన్న నోటు పుస్తకం, కళ్ళజోడు, ఈ పదేళ్ళుగా ఫోను కూడా. నా చొక్కాలు జేబు దగ్గర తప్ప మరో చోట చిరగవని మా ఆవిడ అంటూ ఉండేది. సరిగ్గా ఆ జేబు కిందనే నాకు నొప్పి వచ్చింది.

2023లో సంక్రాంతి వెళ్ళిన వారానికి సంగతి ఇది. యార్డుకు కొత్త కాయ రావడం అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. ఒక రాత్రి ఎడమ రొమ్ము నుంచి వీపు మీద రెక్క ఎముక దాకా ఎవరో గీత గీసినట్టు మంట మొదలైంది. 71 ఏళ్ళవాడికి ఎడమ రొమ్ములో ఏం వచ్చినా అందరికీ ఒకటే అనుమానం. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులోనే కేకలు పెట్టి, అర్ధరాత్రి ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాడు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గుండె నిక్షేపంలా ఉందన్నారు. గ్యాస్ అయి ఉంటుందని బిళ్ళలిచ్చి పంపించారు. మూడో రోజు స్నానం దగ్గర వీపు రుద్దబోయిన మా ఆవిడ చెయ్యి ఆపేసింది. "ఏమండీ, ఇక్కడంతా కందిపోయింది. ఆవగింజలంత పొక్కులు కూడా లేచాయి" అంది. సాయంత్రానికి అవి నీళ్ళు పట్టి, వీపు నుంచి చంక కిందుగా రొమ్ము దాకా బారులు తీరాయి.

పక్కింటావిడ చూడగానే చెప్పేసింది. "అన్నయ్యగారూ, ఇది సర్పి. చుట్టు తిరిగి తలా తోకా కలిసిందంటే మనిషి దక్కడు." ఆవిడే ఒక మనిషిని పిలిపించింది. అతను ఏదో పసరులో ఎర్రమట్టి రంగరించి, పెదవులు కదుపుతూ పొక్కుల చుట్టూ పూశాడు. వరసగా మూడు రోజులు పూయించుకున్నాను. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషిని. అయినా ఎందుకు ఒప్పుకున్నానని తరవాత చాలాసార్లు ఆలోచించాను. అంతవరకూ నన్ను చూసినవాళ్ళలో జబ్బు పేరు తడుముకోకుండా చెప్పింది వాళ్ళిద్దరే. నొప్పితో ఉన్నవాడికి మందు కంటే ముందు కావలసింది పేరు.

బ్రాడీపేటలో మాకు ఎప్పటినుంచో తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పొక్కులు లేచి అయిదో రోజు. ఆయన పసరు పూతను తడిగుడ్డతో తుడిపించి, ముందుగా ఒక లెక్క చెప్పాడు. ఈ జబ్బుకు వైరస్ మందు పొక్కులు కనబడిన 72 గంటల్లోపు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. ఆలస్యమైనా ఇద్దాం అంటూ రోజుకు మూడు పూటలా వేసుకునే పెద్ద పెద్ద బిళ్ళలు వారానికి రాశాడు. ఆ తరవాత, "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని అడిగాడు.

పోసింది. 1960లో, పల్నాడులో మా ఊళ్ళో, నాకు ఎనిమిదేళ్ళు. వేపమండల మీద పడుకోబెట్టి మా అమ్మ రాత్రంతా విసనకర్రతో విసిరేది. ఆ ఆటలమ్మ వైరస్సే ఇదీ. ఒంటి మీద తగ్గినా లోపల చావదట. వెన్నుపూస పక్కన నరాల మొదళ్ళలో దాక్కుంటుంది. వయసు మీరి ఒంట్లో కాపలా తగ్గినప్పుడు ఒక నరం పట్టుకుని చర్మం మీదకు వస్తుంది. ఆ నరం ఎంతవరకు పోతే పొక్కులూ అంతవరకే పోతాయి, అందుకే నడిమధ్య గీత దాటకుండా ఒక పక్కనే ఉంటాయి. తలా తోకా కలవడమన్న మాటే లేదు. అరవై మూడేళ్ళ నాటి బాకీ అన్నమాట, అసలూ వడ్డీ కలిపి వసూలుకు వచ్చింది. ఇంటికి వచ్చి పక్కింటావిడకు ఈ సంగతంతా విడమరచి చెప్పాను. ఆవిడ పూర్తిగా నమ్మలేదు. నాకైతే ఆవిడ కాస్త నిరాశపడిందనిపించింది.

నాలుగు వారాల్లో పెచ్చులు కట్టి రాలిపోయాయి. పెచ్చులు రాలేదాకా మనవణ్ణి నా దగ్గరికి రానివ్వలేదు, వాడికి ఆటలమ్మ అంటుకోవచ్చని. చర్మం మీద గోధుమరంగు మచ్చలు తప్ప ఏమీ మిగలలేదు. కొట్లో అందరూ "తగ్గిపోయిందిగా గుమస్తాగారూ" అన్నారు. నేనూ తగ్గిపోయిందనే అన్నాను. మంట మాత్రం తగ్గలేదు. మరో వారం, మరో పది రోజులు అనుకుంటూ మూడు నెలలు గడిచాయి. మూడు నెలలు దాటితే దానికి వేరే పేరుందని, సర్పి పోయాక మిగిలే నరాల నొప్పి అంటారని, అరవై దాటినవాళ్ళకే ఎక్కువగా వస్తుందని ఆ తరవాత తెలిసింది.

ఆ నొప్పి ఒకటి కాదు, మూడు. మొదటిది రోజంతా ఉండే మంట. యార్డులోనూ కోల్డ్ స్టోరేజీల దగ్గరా ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు. పని దిగాక కూడా రాత్రి చేతులు భగ్గున మండుతుంటాయని, చేతులు మజ్జిగలో ముంచుకుని పడుకుంటామని వాళ్ళు చెప్పుకోవడం 41 ఏళ్ళు విన్నాను. వింటూ వాళ్ళ కూలి పద్దు రాశాను. ఆ మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. రెండోది పోటు. ఏ కబురూ లేకుండా తెగిన కరెంటు తీగ తగిలినట్టు వచ్చి, నోట్లో మాట నోట్లో ఉండగానే పోతుంది. ఎదుటివాళ్ళు నేను మాట మరిచిపోయాననుకునేవారు. మూడోదాన్ని గురించి చెబితేనే ఎవరూ నమ్మరు. అరచేత్తో ఆ చోట గట్టిగా అదిమితే హాయిగా ఉంటుంది, బనీను అంచు అలా రాసుకుంటే ప్రాణం పోతుంది. గట్టి దెబ్బకు ఓర్చుకోగలిగి గాలికి ఓర్చుకోలేకపోవడం ఏమిటని మా బావమరిది నవ్వాడు. ఆ నవ్వులో తప్పులేదు. నాకు కాకుండా మరొకరికి వచ్చి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

బట్టల దగ్గరే రోజు మొదలయ్యేది. గుంటూరు ఎండల్లో ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఫ్యాను వేస్తే ఆ గాలికి చొక్కా ఎగిరి తగులుతుంది. చొక్కా విప్పితే గాలే తగులుతుంది. అందుకని మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎడమవైపు గోడకు ఆనించి, కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరైనా వస్తే ఆ కుర్చీ తీరు చూసి, వాస్తు మార్చారా అని అడిగేవారు. పడుకోవడం కుడివైపుకే. రెండు మూడు గంటలకు కుడి భుజం తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది, ఒత్తిగిలితే ఎడమవైపు దుప్పటి తగిలేది. అప్పుడు లేచి వాకిట్లో అరుగు మీద కూర్చునేవాణ్ణి. మా వీధిలో పాలవాడు ఎన్నింటికి వస్తాడో, రెండో అంతస్తు కుర్రవాడు ఎన్నింటికి గోడ దూకుతాడో అప్పుడే తెలిసింది.

మా అబ్బాయి కారులో ముందు సీటు నాకు ఇష్టం. ఆ సీటు బెల్టు ఎడమ భుజం మీద నుంచి సరిగ్గా ఆ చోటు మీదుగా దిగుతుంది. వెనక సీట్లో కుడివైపు కూర్చుంటే ఆ బెడద లేదు. కనక అక్కడే కూర్చునేవాణ్ణి. మా కోడలు, మామయ్యగారికి మా మీద కోపం వచ్చిందేమోనని మా ఆవిడను అడిగిందట. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. పెళ్ళిలో ఎదురైన పాత స్నేహితుడు వీపు మీద చరచకుండా పలకరించడు. ఒకసారి అలా చరిచినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ఆయన మళ్ళీ ఫోను చేయలేదు. మనవడు పరుగెత్తుకొచ్చి వాటేసుకోబోతే నా మోచెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళేది. వాడు చిన్నవాడే గానీ తెలివైనవాడు, కొన్నాళ్ళకు కుడివైపు నుంచి రావడం నేర్చుకున్నాడు.

నా తెలివితక్కువ పనుల్లో రెండోది మందుల షాపు వైద్యం. ఒళ్ళు నొప్పులకు ఇచ్చే మామూలు బిళ్ళలు కొనుక్కుని, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, మూడు వారాలు వేసుకున్నాను. నొప్పి ఇసుమంత తగ్గలేదు. కాళ్ళు వాచాయి. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది, ఉండవలసినదాని కంటే ఎక్కువ. మా డాక్టరు ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచాడు. దెబ్బ తగిలినా కీలు వాచినా పనిచేసే బిళ్ళలు అవి, నీకు చెడింది నొప్పి కబురు మోసే తీగే, దానికి వేరే మందులున్నాయి, ముసలితనంలో మూత్రపిండాల జోలికి పోకు, అని చీవాట్లు పెట్టి, నొప్పుల వైద్యం చేసే డాక్టరు దగ్గరికి చీటీ రాశాడు.

ఆ డాక్టరు మత్తు వైద్యం చదివి ఇటు వచ్చిన అమ్మాయి. మా అబ్బాయి కంటే చిన్నది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, దూది తీసి ఆ చోట మెల్లగా రాసింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "సరే, నమ్మాను బాబాయిగారూ" అంది. ఆ మాటకు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, దూదికి కాదు. తరవాత మామూలు ప్రశ్న వేసింది. "సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకు మించిన నొప్పి ఉండదు. మీది ఎంత?"

నా జన్మంతా తూకాల మధ్య గడిచింది. కాయలో తేమ ఎంత, రంగు పోయిన తాలు కాయ ఎంత, టిక్కీ, అంటే మిరప బస్తా, ఎన్ని కిలోలు తూగింది, అన్నీ అంకెలే. కాటా లేకుండా తూకం చెప్పమంటే ఎలా? పది ఎలా ఉంటుందో తెలియకుండా ఏడు ఎలా చెప్పను? అదే అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "ఏదో ఒకటి చెప్పండి, రేపు కూడా మీరే చెబుతారు కాబట్టి తేడా తెలుస్తుంది" అంది. ఏడు అన్నాను. రోజూ రాసి తెమ్మంది.

ఇంట్లో మిగిలిపోయిన చిట్టా పుస్తకం ఒకటి ఉంది, ఎర్ర గుడ్డ అట్టది. అందులో రాశాను. ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు, ఏడు, ఆరున్నర. మూడు వారాల తరవాత తీసుకెళ్ళి చూపిస్తే ఆమె పేజీలు తిప్పి, "దీన్నిబట్టి మీరు ఎలా ఉన్నారో నాకేమీ తెలియడం లేదు" అంది. అంకె పక్కన, ఆ రోజు ఏ పని చేయగలిగారో, ఏ పని మానేశారో రాయండి అంది. ఆ భాష నాకు తెలుసు. పేజీని నిలువునా రెండుగా గీసి, ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు అని పెట్టాను. ఒక రోజుది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మే 9. జమ: చొక్కా వేసుకుని పేపరు చదివాను, గంటన్నర. రాత్రి ఒకే దఫాలో మూడు గంటలు నిద్ర. ఖర్చు: అన్నయ్యగారింట్లో తద్దినానికి వెళ్ళలేదు. మా ఆవిడను రెండుసార్లు కసిరాను. రెండోసారి అకారణంగా."

మందుల సంగతి. మొదట నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ అనే మందు ఇచ్చారు. నా మూత్రపిండాల సంగతి చూసుకుని చిన్న మోతాదుతో, రాత్రిపూట మాత్రమే. పది రోజులకు నిద్ర పట్టింది, దాంతో పాటు తూలు కూడా పట్టుకుంది. ఒక ఉదయం బండి మీద శంకర్ విలాస్ వంతెన ఎక్కుతుంటే వంతెన ఎడమకు ఒరిగినట్టు అనిపించింది. పక్కకు ఆపుకుని, బండిని నడిపించుకుంటూ అవతలి పక్కకు దిగాను. ఆ రోజు నుంచి బండి తాళం మేకుకే ఉంది. రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. ఈ వయసులో నొప్పి కంటే తుంటి విరగడం ప్రమాదం అని ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది, దాపరికం లేదు.

బండి పోయినందుకు నేనంత బాధపడలేదు. బాధపడింది వేరే దానికి. జూన్‌లో, వేసవి సెలవుల తరవాత యార్డు తెరిచాక, కొట్టుకు వెళ్ళి ఒక రైతు పద్దు రాశాను. 61 టిక్కీలు. నేను 16 అని రాశాను. సాయంత్రం షావుకారుగారు లెక్క సరిచూసి, నన్ను పిలవకుండా, తన పెన్నుతోనే దిద్దుకున్నారు. మర్నాడు పుస్తకం తెరిస్తే ఆ దిద్దుబాటు కనబడింది. ఆయన చేతిరాత నాకు తెలియనిదా. తప్పు చేస్తే నలుగురిలో కడిగిపారేసే మనిషి ఆయన, కుర్ర గుమస్తాలను ఎందరినో కడగడం చూశాను. నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు పద్దులో ఖర్చు వైపు ఒక్క మాటే రాశాను, "16". మా ఆవిడ చూసి ఇదేమిటని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను.

డాక్టరు మోతాదు ఇంకా తగ్గించి, నార్ట్రిప్టిలిన్ అనే మరో బిళ్ళ కలిపింది. మా అబ్బాయి ఫోనులో దాని పేరు వెతికి, "నాన్నా, ఇది డిప్రెషన్ మందు, నీకెందుకిచ్చారు?" అని కంగారుపడ్డాడు. నాకూ మనసులో గుచ్చుకుంది. నొప్పి నా తలలోనే ఉందని ఈ అమ్మాయి కూడా తేల్చేసిందేమో అనుకున్నాను. అడిగేశాను. ఆ మందు చిన్న మోతాదులో నరాల కబుర్లను నెమ్మదింపజేస్తుంది, మనసు కోసం ఇచ్చే మోతాదు వేరు, మీకు ఇచ్చింది నరానికే, అని ఓపిగ్గా చెప్పింది. మంచి మందే. కానీ నోరు పిడచగట్టుకుపోయేది, మలబద్ధకం సరేసరి, నా వయసు మగవాళ్ళకుండే ప్రోస్టేటు వాపు వల్ల మూత్రం ఆగి ఆగి వచ్చేది. ఈ సంగతి ఆ అమ్మాయితో చెప్పడానికి సిగ్గుపడి రెండు వారాలు నెట్టుకొచ్చాను. అది మూడో తెలివితక్కువ పని. చెప్పాక ఒక్క నిమిషంలో మందు మార్చింది. వెన్ను పక్కన ఒక సూది కూడా చేసింది. పదకొండు రోజులు స్వర్గం, పన్నెండో రోజు యథాప్రకారం. మత్తుమందు అద్దిన పట్టీలు మరొకటి. వాటిని 12 గంటలు అంటించుకుని 12 గంటలు తీసేయాలి. బాగా పనిచేశాయి. ధర చూసి, పెళ్ళిళ్ళకూ ప్రయాణాలకూ మాత్రమే వాడేవాణ్ణి, పట్టుపంచెలాగా.

ఇవన్నీ ఒక ఎత్తు, అక్టోబరులో రాసిచ్చిన మందు ఒక ఎత్తు. చీటీ మీద పేరు చదువుకుని, "క్యాప్సైసిన్ అంటే?" అన్నాను. "మీకు బాగా తెలిసిందే. మిరపకాయలో కారం" అంది. హాస్యమాడుతోందనుకున్నాను. ఇరవై గ్రాముల గొట్టంలో తెల్లటి క్రీము, 0.075 శాతం. 2021లో వైద్యానికి నోబెల్ బహుమతి వచ్చినవాళ్ళలో డేవిడ్ జూలియస్ అనే ఆయన ఈ కారాన్ని పట్టుకునే, ఒంట్లో వేడిని కనిపెట్టే ద్వారం ఎక్కడుందో తెలుసుకున్నాడట. నిప్పు తగిలినా, కారం తగిలినా నరం మీద తెరుచుకునేది ఒకే తలుపు. అందుకే రెండింటినీ మనం మంట అనే అంటాం. ఆ వార్త పేపరులో వచ్చినప్పుడు మా యార్డులో "మిరపకాయకు నోబెల్ వచ్చింది, ఇక రేటు పెరుగుతుంది" అని నవ్వుకున్నాం కూడా. ఆ తలుపును కారంతో తట్టి తట్టి అలసిపోయేలా చేస్తే, కొన్నాళ్ళకు అది జవాబివ్వడం మానేస్తుంది. మందు చేసే పని అది.

మొదటి వారం నరకం. ఆరని పుండు లేదు కాబట్టి రాయవచ్చన్నారు గానీ, మంట మీద కారం రాసుకోవడం అంటే మాటలా? రోజుకు నాలుగుసార్లు. రాసిన చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి, కంటికి తగలకూడదు. ఇవి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, యార్డులో మొదటి రోజు నేర్చుకునేవి ఇవే. మొదటిసారి రాసుకున్నప్పుడు మా ఆవిడ ముక్కు చిట్లించి, "మీరు కొట్టు నుంచి వచ్చిన వాసన వస్తోంది" అంది. అది నిజం కాదు, ఆ క్రీముకు ఘాటు వాసన ఏమీ లేదు. అయినా ఆ మాట ఎందుకో బాగుంది. నాలుగో వారానికి జమ వైపు వరసలు పెరిగాయి. "బనీను, మూడు గంటలు." "ఫ్యాను కింద భోజనం." ఇది అందరికీ పనిచేయదని, కొందరు వారానికే మానేస్తారని డాక్టరు చెప్పింది. నాకు పనిచేసింది. ఇందులో మా ఊరి ఘనత ఏమైనా ఉందా అంటే ఏమీ లేదు, నా చర్మం అదృష్టం అంతే.

ఖర్చు లేని చిట్కా మరొకటి ఆ అమ్మాయే చెప్పింది. వదులు బట్టలు వేసుకోకండి, బిగుతుగా ఉన్నవి వేసుకోండి అంది. వినగానే తిక్క అనిపించింది. ఆలోచిస్తే నా అరచెయ్యి ఎప్పటినుంచో చెబుతున్నది అదే. వదులు చొక్కా ఊగి రాసుకుంటుంది, బిగుతు బనీను కదలదు. నా కొలత 95, 85 కొనుక్కున్నాను. దాన్ని తల మీద నుంచి లాగడం ఒక యుద్ధం. ఒకసారి దిగిందంటే మధ్యాహ్నం దాకా ఎడమవైపును మరిచిపోవచ్చు.

ఆ ఏడాది డిసెంబరులో ఒక రోజు పాత పేజీలు తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. ఖర్చు వైపు నేను మానేసిన పనులు రాశానుగానీ, అవి ఆగిపోలేదు. బజారుకు మా ఆవిడ వెళ్ళింది. బ్యాంకుకు ఆవిడే వెళ్ళింది. డాబా మీద ట్యాంకు చూడటానికి మెట్లెక్కింది ఆవిడే. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు పదేళ్ళుగా ఉన్నాయి. కింద కూర్చుంటే లేవడానికి గుమ్మం పట్టుకుంటుంది. నేలమీద పీట వేసుకుని వంట చేయడం ఎప్పుడు మానేసిందో, గుడిలో ప్రదక్షిణలు మూడు నుంచి ఒకటికి ఎప్పుడు తగ్గాయో నాకు తెలియదు. నా నొప్పికి ఒక పుస్తకమంతా ఉంది, ఆవిడ నొప్పికి ఒక గీత లేదు. సిగ్గేసి, కొత్త పేజీ తీసి పైన ఆవిడ పేరు రాసి, ఈ రోజు నీ జమా ఖర్చులు చెప్పు అన్నాను. "ముందు ఆ కాఫీ చల్లారకుండా తాగండి" అంది. మళ్ళీ అడిగితే, రెండు రోజులు చెప్పి మూడో రోజు మానేసింది. నేను మాత్రం మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, ఇప్పుడు కుర్చీలో కూర్చుని తొడకండరాలకు చేసే కసరత్తు రోజూ చేస్తోంది. సర్పికి టీకా కూడా వేయించాను. యాభై దాటినవాళ్ళకు వేసే ఆ టీకా మన దేశంలోకి 2023లోనే వచ్చింది, నాకు కొద్ది నెలలు ఆలస్యంగా. రెండు డోసులు. ధర విని ఆవిడ కుర్చీలోంచి లేచిపోబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

ఇప్పుడెలా ఉన్నానంటే, పోటు అరుదుగా వస్తుంది. మంట ఉంది. చలి గాలికి, నిద్ర తక్కువైన రోజు, కోపం వచ్చిన రోజు పెరుగుతుంది. సీజన్‌లో కొట్టుకు వారానికి రెండు రోజులు వెళుతున్నాను. అంకెలు రెండుసార్లు సరిచూసుకుంటాను. రెండోసారి చూసుకుంటుంటే షావుకారుగారు కావాలని అటు తిరిగి కూర్చుంటారు. "పెద్దతనం కదా, ఇలాగే ఉంటుంది" అని పలకరించేవాళ్ళకు నేను జవాబు చెప్పడం మానేశాను. పెద్దతనం నా కుడివైపుకు కూడా వచ్చింది, అటు మంట లేదే?

మొన్న చొక్కాలు తెచ్చుకోవడానికి వెళ్ళాను. జేబు కుడివైపు పక్కాగా కుట్టాడు. చంక కింద కుట్టు బయటికే ఉంది, దాని మీద సన్నటి పట్టీ కూడా వేసి అందంగా కప్పాడు. అక్కడే వేసుకుని చూశాను. డబ్బు ఇచ్చి తిరగబోతుంటే అతను మిషను మీద నుంచి లేచి వచ్చాడు.

"తాతగారూ, అడిగానని అనుకోకండి. మీకు సర్పి వచ్చిందా?"

అవునన్నాను.

"మా అమ్మకు నడుముకు వచ్చింది. పొక్కులు పోయి ఏడాదైంది. లంగా బొందు బిగించుకోలేకపోతోంది. చీర కడితే అరగంటలో విప్పేస్తుంది. ఇంట్లో నైటీతోనే ఉంటుంది, ఎవరైనా వస్తే లోపలికి వెళ్ళిపోతుంది. మీరు కుట్టు బయటికి అన్నప్పుడే అనుమానం వచ్చింది. అడగలేకపోయాను."

కొలతల బల్ల పక్కనున్న స్టూలు లాగి నా ముందు పెట్టాడు. కూర్చున్నాను. బొందు తీసేసి నాలుగు వేళ్ళ వెడల్పున సాగే పట్టీ వేస్తే ఎలా ఉంటుందో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అతను సుద్దముక్కతో బల్ల మీద గీసి చూపించాడు. సన్నటి బొందు కోస్తుంది, వెడల్పు పట్టీ అదుముతుంది అన్నాను. ఏ డాక్టరుకు చూపిస్తున్నారని అడిగితే, డాక్టరెందుకు, పొక్కులు తగ్గిపోయాయిగా అన్నాడు. మొదటి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను, ఎర్రమట్టితో సహా. అతను షట్టరు సగం దించేశాడు.

"ఆ కారం మందు పేరు రాసివ్వండి" అన్నాడు.

"మందు పేరు కాదు, ముందు డాక్టరు పేరు రాస్తాను" అని, పెన్ను కోసం ఎడమ రొమ్ము మీద చెయ్యి వేశాను. అక్కడ జేబు లేదు.